పట్నం బస్సులో జీరో టిక్కెట్టు: చెల్లేదెక్కడ, చెల్లనిదెక్కడ?

నల్గొండ: జిల్లా గ్రామాల నుంచి హైదరాబాదు వెళ్ళే మహిళలు ఊళ్ళో పల్లెవెలుగు బస్సో, దారిలో ఎక్స్‌ప్రెస్సో ఎక్కి పైసా ఖర్చు లేకుండా ఎల్.బి.నగర్ దాకా చేరుకుంటున్నారు. చిక్కు అక్కడ మొదలవుతున్నది. ఆసుపత్రికి గానీ, ఏదైనా కార్యాలయానికి గానీ, కూతురింటికి గానీ వెళ్ళాలంటే నగరంలో రెండో బస్సు ఎక్కాలి. ముందుగా వచ్చిన బస్సు ఎక్కితే ఒకసారి కండక్టరు జీరో టిక్కెట్టు కొట్టి ఇస్తాడు, మరోసారి డబ్బులడుగుతాడు. రెండూ ఆర్టీసీ బస్సులే, రెండూ ఒకే దారిన పోతాయి. మొన్న లేని ఛార్జీ ఇవాళ ఎందుకని ప్రయాణీకురాలు అడుగుతుంది. బోర్డు చూసి ఎక్కాలి గదా అని కండక్టరు అంటాడు. వెనుక నిలబడ్డవారు విసుక్కుంటారు. చదువు రాని మనిషికి బోర్డు మీద ఏమున్నదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పేవారు ఉండరు.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఉచిత బస్సు ప్రయాణాన్ని ప్రారంభించింది. రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లకు ఇది వర్తిస్తుంది. వయసుతో నిమిత్తం లేదు, ఆదాయంతో నిమిత్తం లేదు, ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలన్న పరిమితి లేదు. తెల్లకార్డు ఉండాలన్న షరతు కూడా పెట్టలేదు. ఇంతవరకు నిబంధన చాలా ఉదారమైనదే. అయితే బస్సు రకం విషయంలోనూ, గుర్తింపు కార్డు విషయంలోనూ మాత్రం గట్టి గీతలు గీశారు. జిల్లా వాసులకు ఎదురవుతున్న ఇబ్బందులన్నీ దాదాపు ఆ రెండు గీతల దగ్గర పుట్టినవే.

బోర్డును బట్టి ఛార్జీ

జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు. హైదరాబాదు నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు. ఉచితం ఈ నాలుగు రకాలకే. నగరంలో తిరిగే మెట్రో డీలక్స్‌కు, ఏసీ బస్సులకు వర్తించదు. దూర ప్రయాణాల్లో డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని వంటి వాటికీ వర్తించదు. పేర్లలోని పోలిక వల్ల పొరపాటు జరగటం సహజం. మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం, మెట్రో డీలక్స్‌లో పూర్తి ఛార్జీ. ఇక పట్టాల మీద నడిచే మెట్రో రైలు వేరే ఉన్నది. అందులోనూ ఉచితం లేదు. మెట్రో అన్న మాట మూడు చోట్లా ఉన్నది గనుక, ఊరి నుంచి వచ్చిన మనిషి మూడూ ఒకటే అనుకుంటే తప్పు పట్టవలసింది ఆ మనిషిని కాదు, పేర్లు పెట్టినవారిని.

నగరవాసికి ఇది పెద్ద సమస్య కాదు. ఏ నంబరు బస్సు ఏ రకందో రోజూ చూస్తుంటాడు, ఒక బస్సు వదిలి మరొకటి అందుకుంటాడు. నిమ్స్‌లో ఉదయాన్నే ఓ.పి. చీటీ తీసుకోవాల్సిన రోగికి బస్సులు వదులుకుంటూ నిలబడే వ్యవధి ఉండదు. ఏది ముందు వస్తే అది ఎక్కక తప్పదు. నాంపల్లి దగ్గరి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి చికిత్స కోసం పలుమార్లు వెళ్ళవలసి వచ్చే కుటుంబాలకు బస్సు ఛార్జీ ఒక్కసారి ఖర్చు కాదు. ఆ లెక్కన చూస్తే నగరంలో ఒక రూట్లో ఆర్డినరీ బస్సులు ఎన్ని తిరుగుతున్నవి, డీలక్స్ బస్సులు ఎన్ని తిరుగుతున్నవి అన్నదే ఉచిత ప్రయాణం అసలు కొలత. జీవోలో మార్పు ఏమీ లేకుండానే, ఆర్డినరీ బస్సులు తగ్గించి డీలక్స్ పెంచితే చాలు, ఉచితం అంతమేరకు తగ్గిపోతుంది. దానికి ప్రకటన కూడా అక్కరలేదు.

జీరో టిక్కెట్టు ఎందుకు?

ఉచితమే గదా, మళ్ళీ కాగితం ఎందుకని కొందరు టిక్కెట్టు తీసుకోకుండా కూర్చుంటున్నారు. ఇది వారికే నష్టం. ఆ టిక్కెట్టు మీద ప్రయాణీకురాలు చెల్లించవలసినది సున్నాయే అయినా, ఆ ప్రయాణపు విలువ లెక్కలోకి ఎక్కుతుంది. దాని ప్రకారమే ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి. టిక్కెట్టు కొట్టకపోతే ఆ మేరకు సంస్థకు రాబడి పోయినట్లే. పథకం మొదలైన వారం దాకా కార్డు అడగలేదు. డిసెంబరు 15 నుంచి కార్డు చూపించి జీరో టిక్కెట్టు తీసుకోవటం తప్పనిసరి చేశారు. టిక్కెట్టు లేకుండా తనిఖీ సిబ్బందికి పట్టుబడితే 500 రూపాయల జరిమానా ఉంటుందని అప్పట్లోనే ఆర్టీసీ యాజమాన్యం హెచ్చరించింది. ఉచిత ప్రయాణానికి హక్కున్న మహిళ జీరో టిక్కెట్టు తీసుకోలేదన్న కారణంగా 500 చెల్లించవలసి రావటం విడ్డూరంగా తోచవచ్చు. నిబంధన మాత్రం అదే.

2025 జూలై నాటికి ఈ పథకం కింద మహిళల ప్రయాణాలు 200 కోట్లకు చేరాయని, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. సగటు తీస్తే ఒక్కో ప్రయాణానికి 33 రూపాయల పైచిలుకు పడుతుంది. రోజు కూలి మీద బతికే ఇంట్లో రానూ పోనూ కలిసి ఇది 66 రూపాయల పైమాట. ఇంటి ఖర్చులో ఈ మొత్తం ఎంత తేడా తెస్తుందో కూలి చేసేవారికి వేరే చెప్పనవసరం లేదు. కూరగాయల గంపతో పట్నం పోయివచ్చే మహిళలకు, దేవరకొండ ప్రాంతం నుంచి భవన నిర్మాణ పనులకు వెళ్ళేవారికి ఇది నికరంగా చేతికందిన సాయం. పథకం మొదలైన కొత్తలో గిరాకీ పోయిందని ఆటో కార్మికులు రాష్ట్రమంతటా ఆందోళన చేశారన్నది కూడా మరువరాదు. బస్సుల్లో రద్దీ పెరిగిందన్నదీ నిజం.

కార్డులోని చిరునామా

రెండో గీత గుర్తింపు కార్డు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు గానీ, ఓటరు కార్డు గానీ, అటువంటి మరో ప్రభుత్వ గుర్తింపు కార్డు గానీ చూపించాలి. అసలు కార్డే చూపాలని, జిరాక్సు కాపీ గానీ, సెల్‌ఫోనులో తీసిన ఫొటో గానీ చెల్లదని సంస్థ పలుమార్లు ప్రకటించింది. పాన్ కార్డు కేంద్ర ప్రభుత్వం ఇచ్చినదే అయినా దాని మీద చిరునామా ఉండదు కాబట్టి పనికిరాదు.

అసలు కార్డు వెంట తీసుకుపోవటం అన్నది చెప్పినంత తేలిక కాదు. రేషను దగ్గర నుంచి బ్యాంకు దాకా అన్నింటికీ ఆ ఒక్క కార్డే ఆధారం. పట్నం రద్దీలో సంచీ కోసేస్తారని భయపడి దాన్ని ఇంట్లో పెట్టె అడుగున దాచి, జిరాక్సు వెంట తీసుకుపోయే మహిళలు ఊరూరా ఉన్నారు. వారి జాగ్రత్తే వారికి టిక్కెట్టు ఖర్చు తెచ్చిపెడుతున్నది. ఓటరు కార్డు ఉన్నవారు ప్రయాణాలకు దాన్ని వాడుకుని, ఆధార్‌ను ఇంట్లో ఉంచుకోవటం ఒక మార్గం. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆధార్ తప్ప మరేదీ చెల్లదన్న అపోహ ఉన్నది.

మరో చిక్కు పాత కార్డులది. రాష్ట్ర విభజన 2014 జూన్ 2న జరిగింది. అంతకు ముందు ఇచ్చిన ఆధార్ కార్డుల్లో ఊరు, మండలం, నల్గొండ జిల్లా అన్నీ సరిగ్గానే ఉన్నా, చివర రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. పుట్టి పెరిగిందీ, ఇప్పుడు ఉంటున్నదీ ఇక్కడే అయినా, కార్డు చూసిన కండక్టరు సందేహించటానికి అవకాశం ఉన్నది. చిన్నప్పటి ఫొటో ఉన్న కార్డుల విషయంలోనూ ఇదే తంటా. తీరిక చేసుకుని ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోవటం ఒక్కటే దీనికి మందు. కదిలే బస్సులో, కాలు పెట్టే సందు లేనిచోట, వందమంది కార్డుల మీద చిరునామాలు చదివి అర్హులెవరో తేల్చే పని కండక్టరు మీద పెట్టారు. పొరపాటు జరిగితే తనిఖీ అధికారి ముందు సంజాయిషీ ఇవ్వవలసిందీ అతనే. కొందరు కండక్టర్లు కఠినంగా ఉంటున్నారన్న ఫిర్యాదుల వెనుక ఈ భయం కూడా ఉన్నది.

నిజంగా అక్కడ నివసించేవారు ఎవరన్నది కార్డు ఎప్పుడూ సరిగ్గా చెప్పదు. హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో నెలల తరబడి పనిచేసే ఒడిశా కూలీ స్త్రీ సిటీ బస్సులో టిక్కెట్టు కొనాలి. కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండి, ఏళ్ళ తరబడి వేరే రాష్ట్రంలో స్థిరపడిన ఉద్యోగిని పండుగకు వస్తే ఉచితంగా తిరగవచ్చు. అవసరం ఎవరిది ఎక్కువ అన్న ప్రశ్న ఇక్కడ రాదు.

కృష్ణ దాటితే

జిల్లాకు దక్షిణాన కృష్ణానది అవతల ఆంధ్రప్రదేశ్. వాడపల్లి వంతెన దాటితే పొందుగల, సాగర్ దాటితే మాచర్ల దారి. రెండు ఒడ్లకూ పెళ్ళి సంబంధాలు తరతరాలుగా ఉన్నాయి. ఇటు ఆడపిల్లను అటు ఇచ్చిన ఇళ్ళలో ఉచిత ప్రయాణం లెక్క వింతగా తయారైంది.

తెలంగాణ ఆర్టీసీ అంతర్రాష్ట్ర బస్సుల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకు సరిహద్దు వరకే ఉచితం. అక్కడి నుంచి టిక్కెట్టు కొనాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకాన్నే ప్రారంభించింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే 5 రకాల బస్సుల్లో అక్కడి మహిళలకు ఉచితం. అంతర్రాష్ట్ర సర్వీసులను మినహాయించారు. అక్కడ కూడా ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న కార్డే చూపాలి.

ఫలితం ఏమిటంటే, దాచేపల్లిలో కూతురిని చూడబోయే దామరచర్ల తల్లి వంతెన దాకా ఉచితంగా వెళ్ళి, ఆ తరువాత డబ్బు చెల్లిస్తుంది. అత్తవారి ఊరి చిరునామాతో కార్డు మార్పించుకున్న కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి, హైదరాబాదు ఆసుపత్రికి వెళితే అక్కడి సిటీ బస్సులో పూర్తి ఛార్జీ ఇస్తుంది. తల్లీ కూతుళ్ళు ఒకే సీట్లో కూర్చుంటే ఒకరిది జీరో టిక్కెట్టు, ఒకరిది డబ్బు టిక్కెట్టు. రెండు ప్రభుత్వాలూ మహిళలకు ఉచితమనే చెబుతున్నాయి. ఎవరి ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ తెగితే తప్ప సరిహద్దు గ్రామాలకు ఇది పూర్తిగా అందదు. రెండు సంస్థలూ పరస్పరం లెక్కలు సర్దుకోవటం కొత్తేమీ కాదు. ఏ రాష్ట్రం బస్సు అవతలి రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరగాలో ఒప్పందాలు చేసుకునే నడుపుతున్నారు. కనీసం సరిహద్దు మండలాల వరకైనా అటువంటి సర్దుబాటు ఎందుకు సాధ్యం కాదో రెండు ప్రభుత్వాలూ చెప్పవలసి ఉన్నది.

మగవారి ఛార్జీ పెరిగింది

ఇంట్లో ఒకరికి ఉచితమైతే ఇంకొకరికి భారం పెరిగింది. హైదరాబాదు నగరంలో 2025 అక్టోబరు 6 నుంచి ఛార్జీలు పెంచారు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి 3 స్టేజీల వరకు 5 రూపాయలు, 4వ స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. మెట్రో డీలక్స్‌లోనూ, ఎలక్ట్రిక్ ఏసీ బస్సుల్లోనూ మొదటి స్టేజీకి 5, రెండో స్టేజీ నుంచి 10. అంతకు ముందే జూన్‌లో నెలవారీ పాసులు పెంచారు. ఆర్డినరీ పాసు 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600కు, మెట్రో డీలక్స్ పాసు 1,450 నుంచి 1,800కు చేరింది.

నగరంలో గది అద్దెకు తీసుకుని భార్యాభర్తలిద్దరూ కూలికి పోయే జిల్లా కుటుంబాన్ని తీసుకుందాం. 4 స్టేజీలకు మించి ప్రయాణించే భర్తకు రోజుకు 20 రూపాయలు అదనంగా పడుతుంది. నెలకు 25 రోజుల పని దొరికితే 500 రూపాయలు. పాసు తీసుకుంటే అదనపు భారం 250తో సరిపోతుంది. కానీ పాసుకు 1,400 ఒకేసారి కట్టాలి. వారం వారం కూలి అందుకునే మనిషి చేతిలో నెల మొదట అంత మొత్తం ఉండదు. అందుకే పాసు లాభమని తెలిసీ రోజూ టిక్కెట్టే కొంటాడు. డబ్బున్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ పడే ఈ పద్ధతి ఒక్క బస్సులకే పరిమితమైనది కాదు గానీ, పాసును 10 రోజులకో, 15 రోజులకో విడగొట్టి ఇవ్వటానికి అడ్డేమిటో తెలియదు.

పిల్లల విషయంలో నిబంధన పాతదే. 5 ఏళ్ళ లోపు వారికి టిక్కెట్టు లేదు, 5 నుంచి 12 ఏళ్ళ వరకు సగం టిక్కెట్టు. ఆడపిల్లకు మహాలక్ష్మి కింద ఏ వయసులోనైనా ఉచితమే గనుక, ఇప్పుడు ఈ సగం టిక్కెట్టు మగపిల్లలకే మిగిలింది. 12 దాటితే పూర్తి టిక్కెట్టు. బడి పిల్లలకు పాసులు వేరే ఉన్నాయి.

అన్నింటికంటే వెనుకబడినది వృద్ధుల పరిస్థితి. మహాలక్ష్మి పథకంలో వయసుకు చోటు లేదు. ఉద్యోగం చేసే పాతికేళ్ళ మహిళకు ఉచితం, పింఛను మీద బతికే 80 ఏళ్ళ మగ మనిషికి వర్తించదు. హైదరాబాదులో 24 గంటలు చెల్లే టి-24 టిక్కెట్టును 2023 ఏప్రిల్‌లో 100 నుంచి 90 రూపాయలకు తగ్గించినప్పుడు వృద్ధులకు 80గా నిర్ణయించారు. అంటే తగ్గింపు 10 రూపాయలు. రోజంతా నగరంలో తిరిగేవారికి తప్ప, ఆసుపత్రికి పోయి వచ్చే ముసలాయనకు ఆ టిక్కెట్టుతో పని లేదు. రైల్వేలో 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం తగ్గింపు ఉండేది. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి 20 నుంచి దాన్ని ఆపేశారు. దివ్యాంగులకు, కొన్ని రకాల జబ్బులవారికి, విద్యార్థులకు మాత్రం కొనసాగించారు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కూడా కరోనాలో ఆపిన వృద్ధుల రాయితీని 2022లో తిరిగి తెచ్చింది. 60 ఏళ్ళు నిండినవారికి అక్కడ టిక్కెట్టు మీద 25 శాతం తగ్గుతుంది.

ఇక మెట్రో రైలు. ఎల్.బి.నగర్‌లో బస్సు దిగినవారికి పంజాగుట్ట మీదుగా మియాపూర్ దాకా నేరుగా పోయే రైలు ఎదురుగానే కనిపిస్తుంది. నిమ్స్‌కు వెళ్ళేవారికి అది ఎంతో సదుపాయం. 2025 మేలో దాని ఛార్జీలు పెంచి, తరువాత కొంత తగ్గించారు. మే 24 నుంచి కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు అయింది. మహాలక్ష్మి అక్కడ చెల్లదు. పిల్లలకు అక్కడ వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 90 సెంటీమీటర్ల లోపు ఉంటేనే ఉచితం. బస్సులో టిక్కెట్టు అక్కరలేని నాలుగేళ్ళ పిల్లవాడు కాస్త పొడగరి అయితే రైలులో టిక్కెట్టు కొనవలసి వస్తుంది.

వేరే చోట్ల ఎలా ఉన్నది?

ఢిల్లీలో 2019 అక్టోబరు 29న ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఏ కార్డూ అడగలేదు. బస్సు ఎక్కిన ప్రతి మహిళకూ గులాబీ రంగు టిక్కెట్టు ఇచ్చారు. తమిళనాడు 2021 మేలో సాధారణ టౌను బస్సుల్లో ఉచితం పెట్టి, కార్డు ప్రసక్తి లేకుండానే నడిపింది. కర్ణాటక 2023 జూన్‌లో శక్తి పథకం తెచ్చి, ఆ రాష్ట్రపు చిరునామా ఉండాలన్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆ దారినే నడిచాయి. ఢిల్లీ ప్రభుత్వం కూడా 2025లో తన నివాసులకే పరిమితమయ్యే కార్డు పద్ధతిని ప్రకటించింది. కార్డు అడగకపోతే ఇతర రాష్ట్రాలవారి ఖర్చు కూడా మనమే మోయాలన్నది ప్రభుత్వాల వాదన. అందులో కొంత న్యాయం ఉన్నది. కానీ సిటీ ఆర్డినరీ బస్సు ఎక్కేవారిలో ఎంతమంది అటువంటివారు ఉంటారు, వారిని ఏరివేసే శ్రమకు ఎంత ఖర్చవుతుంది అన్న లెక్క కూడా వేసి చూడవలసిందే. తమిళనాడులో తెల్లబోర్డు బస్సు చూసి ఎక్కితే చాలు. చదువు రానివారికీ రంగు తెలుస్తుంది.

హైదరాబాదులో బస్సులకు రంగులు లేకపోలేదు. వాటిలో ఏది ఉచితమో, ఏది కాదో బస్సు ముందు భాగాన, ఎక్కే ద్వారం పక్కన పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించటానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వంటి చోట్ల, జిల్లాల నుంచి వచ్చినవారు దిగే చోటనే, మైకులో నాలుగు మాటలు చెప్పించవచ్చు. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా శాఖకు వారసురాలైన సంస్థ ఇది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న సంస్థకు ఈ పాటి ఏర్పాటు భారం కాబోదు.

ఇవన్నీ ఒక ఎత్తు, రాబోయే బస్సులు ఒక ఎత్తు. కేంద్ర ప్రభుత్వం 2025 మేలో పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. అక్టోబరులో ఛార్జీలు పెంచినప్పుడు కూడా, నగరంలో డీజిలు బస్సుల స్థానంలో దశలవారీగా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తెస్తామని, వాటికి కావలసిన ఛార్జింగు వసతుల కోసమే ఈ పెంపు అని సంస్థ చెప్పింది. ఎలక్ట్రిక్ బస్సుల్లో ఏసీవి ఉంటాయి, ఏసీ లేనివీ ఉంటాయి. పాత ఆర్డినరీ బస్సు మూలన పడి, దాని స్థానంలో ఏసీ బస్సు వస్తే ఆ రూట్లో జీరో టిక్కెట్టు ఉండదు. ఎల్.బి.నగర్ మీదుగా నడిచే రూట్లకు వీటిలో ఎన్ని ఇస్తారు, వాటి మీద ఆర్డినరీ అన్న బోర్డు ఎన్నింటికి ఉంటుంది, ఏసీ అన్న బోర్డు ఎన్నింటికి ఉంటుంది అన్న వివరాలు సంస్థ ముందుగా ప్రకటించవలసి ఉన్నది. జిల్లా ప్రజాప్రతినిధులు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. బస్సులు డిపోలకు చేరి, రూట్లు ఖరారైన తరువాత అడిగితే మార్పించటం కష్టం.